నొప్పుల వేళ కారిన ఆయిల్

అన్నా,

ఇది నీకు చేరదు. అయినా ఇంకెవరికి చెప్పుకోను?

నువ్వు జ్వరంతో పోయాక నీ అంబాసిడర్ టాక్సీని నేనే నడుపుతున్నాను. ఈ పొద్దున వదినకు నొప్పులు మొదలైతే అందులోనే గోదావరిఖని నుంచి కరీంనగర్ దవాఖానకు బయలుదేరాను. సుల్తానాబాద్ దాటగానే ఆయిల్ ప్రెషర్ చూపే ముల్లు సున్నాకు పడిపోయింది. దిగి చూస్తే ఫిల్టర్ దగ్గర ఆయిల్ ధారగా కారుతోంది.

"జల్ది చెయ్యి తమ్మీ, నాతోని అయితలేదు," అని వెనక సీట్లో వదిన అరుస్తోంది.

చేతులు కాలుతున్నా ఫిల్టర్ గిన్నె విప్పాను. మొన్న ఫిల్టర్ మార్చిన మెకానిక్ పాత రబ్బరు రింగు తీయకుండా దానిమీదే కొత్తది పెట్టాడు. వదిన పిన్నీసుతో పాతది పెళ్లగించి, కొత్తది గాడిలో కూర్చోబెట్టి బిగించాను. డిక్కీలోని ఆయిల్ పోసి స్టార్ట్ చేస్తే చుక్క కూడా కారలేదు.

"మీ అన్న ఉంటే బండి గిట్ల ఆగుతుండెనా?" అంది వదిన. దవాఖాన చేరేసరికి ఆమెకు స్పృహ తప్పింది.

నీకు ఆడపిల్ల పుట్టిందన్నా. వదినకు ఇంకా స్పృహ రాలేదు. "రక్తం ఆగుతలేదు, దేవునికి మొక్కుకో," అని నర్సు పిల్లను నా చేతుల్లో పెట్టి లోపలికి పరిగెత్తింది.

పిల్ల పాల కోసం ఏడుస్తోంది. దీన్ని ఎట్లా ఊరుకోబెట్టాలో నాకు తెలియడం లేదు.