రంగమ్మను నవ్వులాటకు ఏడిపించబోయి

బెంగళూరు, కాటన్‌పేట
శుక్రవారం

మా పెద్దక్క సుబ్బమ్మ పాదాలకు తమ్ముడు నారాయణ మొక్కి వ్రాసుకునే మాటలు.

అక్కా, నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను. నేనూ క్షేమమని వ్రాయడం మర్యాద. వ్రాయలేను. ఇదీ నా వేళాకోళాలలో ఒకటనుకొని పొయ్యిలో పెట్టకు. నా పెండ్లాం రంగమ్మ హిందూపురం రైలెక్కిందని స్టేషనులో చూసినవాళ్ళు చెప్పారు. నీ ఇంటికే వచ్చి ఉంటుంది. ఆమెకు పుట్టిల్లంటూ ఇంకేముంది?

ఇక్కడ ముసురు విడవడం లేదు. పట్టు మగ్గాల కార్ఖానాలో పని ఉంది. రేషను బియ్యంలో రాళ్ళూ ఉన్నాయి. నా నోటికి నవ్వని వాడు ఈ పేటలో లేడు, ఇంట్లో ఆమె తప్ప. ఆలస్యంగా వస్తే అడగదు, అలిగితే బతిమాలదు. దీనికి నేనంటే ప్రేమ ఉందా లేదా అని నా బుర్రలో పురుగు తొలిచింది. యుద్ధానికి మనుషులను తీసుకుంటున్నారు కదా, ఆ సందు చూసుకొని తోటి పనివాడు గుండప్పను ఇంటికి పంపాను. నేను పటాలంలో చేరి రైలెక్కానని వాడు ఆమెకు చెప్పి వచ్చాడు. నేను వాళ్ళింట్లో దాక్కున్నాను.

"ఏడ్చిందా?" అన్నాను.

"లేదప్పా. 'అన్నం తిని పోయినాడా' అని అడిగింది, అంతే."

రెండు రోజులు కాచుకొని, రోషం పట్టలేక నేనే పోయాను. ఇల్లంతా చెత్త.

"మొగుడు యుద్ధానికి పోతే ఇల్లు గూడా చిమ్మవా? నేను సచ్చింటే పండగ చేసుకొనుంటావే!" అని పగలబడి నవ్వాను.

ఆమె నా మొహం చూసింది. చీపురు తీసి ఇల్లంతా చిమ్మింది. బట్టలు మూట కట్టుకుంది. "క్షేమంగా ఉండావు గదా. చాలు" అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పక్కింటి వెంకమ్మవ్వ వచ్చి నిలబెట్టి తిట్టింది.

"పాపిష్టోడా! పయనం పోయినోడు చేరినట్టు కబురొచ్చేదాకా ఇల్లు చిమ్మరాదని ఆయమ్మ చీపురు ముట్టలేదురా. నేను చిమ్మబోతే నా చెయ్యి పట్టుకుంది. రెండు దినాలు ముద్ద గూడా దిగలేదు ఆమెకి!"

అక్కా, అమ్మ పోయాక నీ కొంగు పట్టుకొని పెరిగాను. నువ్వు నీళ్ళకు పోయినా వీధి అదిరేలా ఏడ్చేవాణ్ణి. బిందె అక్కడే వదిలి పరుగెత్తి వచ్చేదానివి. గోల చేస్తే మనిషి వస్తుందని నేర్చుకున్నాను. రంగమ్మను చిన్నప్పుడు మేనమామ ఇంటి నుంచి పెద్దమ్మ ఇంటికి, అక్కడి నుంచి ఇంకొకరింటికి తరిమారు. ఆమె ఏడిస్తే ఎవరొచ్చారు? నోరు మూసుకోవడమే నేర్చుకుంది. నలభై దాటిన గాడిదకు ఇది ఇప్పుడు తెలిసింది.

సంగటి కెలికి వదిలేస్తున్నాను. మగ్గం మీద పోగులు తెగుతున్నాయి. నిన్న గుండప్ప ఏదో చెప్పి నవ్వితే కొట్టబోయాను. ఆమె లేకపోతే ఏమైపోతానో తెలియడం లేదక్కా.

ఆమెను పంపమని అడగను. బావను మధ్యకు తేవద్దు, పెద్దమనుషులను కూర్చోబెట్టవద్దు. నేను రావచ్చునా అని మాత్రం అడుగు. జవాబు చెప్పదు. వద్దందని నాకు వ్రాసేయకు. కాసేపు ఆమె పక్కన ఊరికే కూర్చో. తర్వాత మళ్ళీ అడుగు.

బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. నన్ను దీవించకపోయినా సరే, ఆమె తల మీద ఒకసారి చెయ్యి పెట్టు.

నీ తమ్ముడు
నారాయణ