అత్తయ్య ఎవరితో మాట్లాడుతున్నారు?

మార్చి 3, సోమవారం

అత్తయ్య వచ్చి వారం దాటింది. సూట్‌కేసు ఇంకా సర్దలేదు. బట్టలు అందులోంచే తీసుకుంటారు, ఉతికి ఆరాక మడతపెట్టి మళ్ళీ అందులోనే పెడతారు. ఉండడానికి వచ్చినవాళ్ళు అలా చెయ్యరు. తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు చేస్తారు.

ఎవర్ని తీసుకెళ్ళడానికో నాకు తెలుసు.

మా ఆయన లిఫ్ట్ మెకానిక్. జనవరిలో ఒక ఆఫీసు బిల్డింగ్‌లో రిపేరు చేస్తూ లిఫ్ట్ గోతిలో పడ్డాడు. ప్రాణం దక్కింది. నడుము కింద కదలిక లేదు. ఇక రాదని డాక్టర్ మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న మర్నాడే అత్తయ్య దిగారు. నేను రమ్మనలేదు.

మార్చి 5, బుధవారం

లంచ్ టైంలో ఇంటికొచ్చాను. నేను పనిచేసే ఆస్పత్రి నడిచొచ్చేంత దూరమే. అతను మందులు వేసుకుని నిద్రపోతున్నాడు. వెనక బాల్కనీ తలుపు మూసి ఉంది. అవతల అత్తయ్య మాట్లాడుతున్నారు. గొంతు తగ్గించి. మధ్యమధ్యలో ఆగుతున్నారు, అవతలివాళ్ళు చెప్పేది వింటున్నట్టు. మళ్ళీ అందుకుంటున్నారు. "ఆ పిల్ల" అన్న మాట మాత్రం స్పష్టంగా వినిపించింది. ఈ ఇంట్లో ఆ పిల్లంటే నేనే.

వదినతోనే అయ్యుంటుంది. వదిన అంటే మా ఆయన అక్క. సొంత ఇల్లు, కింద ఒక గది ఖాళీ. తమ్ముణ్ణి తెచ్చి పెట్టుకుంటే నలుగురూ మెచ్చుకుంటారు కూడా.

అత్తయ్య తలుపు తీసి, ఎదురుగా నన్ను చూసి ఉలిక్కిపడ్డారు. ఎప్పుడొచ్చావమ్మాయ్ అన్నారు. గుండె మీద చెయ్యి కూడా వేసుకున్నారు. తప్పు చేస్తున్న మనిషే అంతలా ఉలిక్కిపడుతుంది.

మార్చి 6, గురువారం

అత్తయ్య ఫోన్ నిన్న పొద్దున్నుంచీ అతని మంచం పక్కనే చార్జింగ్‌లో ఉందట. అతనే అన్నాడు. అంటే రెండో ఫోన్ ఉందా?

మార్చి 9, ఆదివారం

పక్కింటావిడ పరామర్శకి వచ్చింది. దేవుడు అంతా చూస్తున్నాడమ్మా, ధైర్యంగా ఉండు అంది. చూస్తూనే ఉన్నాడు, అదే నా బాధ. జనవరిలోనూ చూశాడు. మా ఆయన కాలు జారుతుంటే చూశాడు. ఆవిడకి కాఫీ ఇచ్చి పంపేశాను.

నా ఉద్యోగం చెవుల డిపార్ట్‌మెంట్‌లో. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, బీప్ వినిపిస్తే బటన్ నొక్కమంటాను. కొందరు వినపడినా నొక్కరు, వాళ్ళకి సర్టిఫికెట్ కావాలి. కొందరు వినపడకపోయినా నొక్కుతారు, చెవుడని తెలిస్తే పరువు పోతుందని. ఇద్దర్నీ పట్టేస్తాను. మొహం చూస్తే చాలు, ఏం దాస్తున్నారో తెలిసిపోతుంది. దేవుడి మొహం చూసే వీల్లేదు. ఆ కేసు ఒక్కటీ నా వల్ల కాలేదు.

నేనూ ప్రార్థన చేసినదాన్నే. ఐసీయూ బయట ఇనప కుర్చీలో కూర్చుని మనిషిని ఇమ్మన్నాను. ఇచ్చాడు, సగం. దానికి థాంక్స్ చెప్పాలో, మిగతా సగం ఏదని అడగాలో తెలియలేదు. మాట్లాడడం మానేశాను. అటువైపు నుంచీ ఎవరూ ఏమైందని అడగలేదు.

మార్చి 11, మంగళవారం

అత్తయ్య కావాలనే చేస్తున్నారు. వెనక నుంచి రెండుసార్లు పిలిచాను. పలకలేదు. తిరిగి కూడా చూడలేదు. కొడుకు మాట్లాడితే మాత్రం ఎదురుగా వెళ్ళి కూర్చుని, వాడి నోరే చూస్తూ వింటారు.

నేనంటే ఎందుకంత? పెళ్ళైనప్పటి నుంచీ ఎదురు చెప్పింది లేదు. ఈ యాక్సిడెంట్ కూడా నా ఖాతాలోనే రాసి ఉంటారు. అడుగుపెట్టిన వేళ అని ఎక్కడో అనే ఉంటారు.

మార్చి 14, శుక్రవారం

నేను గుమ్మంలోకి వచ్చేసరికి అతను ఫోన్లో వీల్‌చెయిర్ వెడల్పు చెబుతున్నాడు. నన్ను చూసి, సరే తర్వాత మాట్లాడతా అని పెట్టేశాడు. ఎవరని అడిగాను. కంపెనీ నుంచి అన్నాడు. కంపెనీకి మన కుర్చీ వెడల్పు ఎందుకు అన్నాను. ఏదో ఇన్సూరెన్స్ అన్నాడు. పెళ్ళిలో కూడా ఇంత సిగ్గుపడుతూ చూడలేదు నావైపు.

తల్లీ కొడుకూ అక్కా ఒకటయ్యారు. తలుపులు కొలుచుకుంటున్నారు. నాకు చెప్పేది సామాన్లు కిందికి దింపేటప్పుడేమో.

మార్చి 18, మంగళవారం

ఆకలి లేదు. అత్తయ్య కంచం నా ముందు పెట్టి పక్కనే నిలబడ్డారు, కాపలా కాస్తున్నట్టు. సగం వదిలేశాను. ఆ సగం వైపు చాలాసేపు చూశారు. అది కూడా ఎవరికో రిపోర్ట్ చేస్తారు కాబోలు.

మార్చి 23, ఆదివారం, మధ్యాహ్నం

చెప్పులు విప్పేసి వెళ్ళి బాల్కనీ తలుపుకి చెవి ఆనించాను. సిగ్గేం పడలేదు. తలుపుకి పైన చిన్న అద్దం ఉంది, అందులోంచి ఆమె వీపు కనిపిస్తోంది. ఒక చేతిలో తడి దుప్పటి, ఇంకో చేతిలో క్లిప్పులు. ఫోన్ లేదు. చెవిలోనూ ఏం లేదు.

ఇవాళ కూడా సగం కంచం వదిలేసింది, చూశావా అన్నారు. చూసే ఉంటావులే, నీకు నేను చెప్పాలా. ఆగారు. దుప్పటి దులిపారు. మోకాళ్ళు లాగేస్తున్నాయి, ఎక్కువసేపు నిలబడలేను, కాస్త త్వరగా విను అన్నారు. తర్వాతి మాటలు మర్చిపోకముందే ఉన్నవున్నట్టు రాసిపెడుతున్నాను.

"నా కొడుకుని నేను చూసుకుంటాను. వాడికి తల్లుంది, అక్కుంది. ఆ పిల్లకెవరున్నారు? అమ్మా లేదు, నాన్నా లేడు. మొగుడు చూస్తే మంచం మీద. అందుకని వాణ్ణి నాకొదిలేసి, నువ్వు ఆ పిల్లని చూసుకో. నిన్నా ఇదే చెప్పాను. రేపూ చెప్తాను. విసుక్కుంటే విసుక్కో."

దుప్పటి తీగ మీద పడింది. క్లిప్పులు ఒక్కొక్కటీ పెట్టారు.

నేను వచ్చి బాత్రూంలో కొళాయి తిప్పి నిలబడ్డాను.

అదే రోజు, సాయంత్రం

కొళాయి కట్టేసి వచ్చాక ఆలోచించాను. నాకు వినపడాలనే అన్నారేమో. ఆ గొంతు మరీ తగ్గించిన గొంతేం కాదు. తలుపు అవతల నేనున్నానని తెలిసే మొదలుపెట్టి ఉండొచ్చు. మనసు కరిగించి, రేపు మెల్లగా మా వాణ్ణి తీసుకెళ్తానమ్మా అంటే కాదనలేను కదా. నాకెందుకు మంచి కోరుకుంటారు? ఎవరైనా ఎందుకు కోరుకుంటారు?

మార్చి 26, బుధవారం

పొద్దున బాల్కనీలో వాషింగ్ మెషీన్ పనైపోయి బీప్ బీప్ మని కొట్టుకుంటోంది. అత్తయ్య దాని పక్కనే ఉన్నారు. అయిపోయిందో లేదో తెలియక మూత మీద అరచెయ్యి పెట్టి చూస్తున్నారు, జ్వరమొచ్చిన పిల్లాడి నుదురు చూసినట్టు. అదురు ఆగిందని తెలిశాక గానీ మూత తియ్యలేదు.

నేను బ్రష్ నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మార్చి 28, శుక్రవారం

చెవుల పరీక్షకి అత్తయ్య రానన్నారు. నా చెవులకేం, పాము చెవులు అన్నారు. బతిమాలి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అద్దాల గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. మొదట్లో అన్నిటికీ నొక్కుతున్నారు. నేను బీప్ ఇవ్వకపోయినా నొక్కుతున్నారు. లోపలికెళ్ళి అడిగితే, నీ మొహం చూసి నొక్కుతున్నానమ్మాయ్, నొక్కకపోతే నువ్వు దిగాలు పడుతున్నావు అన్నారు. కుర్చీ గోడవైపు తిప్పి మళ్ళీ మొదలుపెట్టాను.

గ్రాఫ్ గీస్తుంటే గీత అడుగుకి జారుతూనే పోయింది. రెండు చెవులూ. ఇవాళా నిన్నా వచ్చింది కాదు, ఏళ్ళ నాటిది. వెనక నుంచి పిలిస్తే ఎందుకు పలకలేదో, కొడుకు నోరే ఎందుకు చూస్తారో ఆ కాగితం మీద ఉంది. ఊరందరి చెవులూ చూస్తాను. నా ఇంట్లో మనిషికి పొగరనుకున్నాను.

ఇంకొకటి కూడా ఉంది. ఆ మూసిన తలుపు అవతల చెప్పుల్లేని నా అడుగులు కాదు కదా, స్టీలు గిన్నె కింద పడేసినా ఆమెకి వినపడదు. ఆవేళ నా కోసం నటించలేదు. వినేవాళ్ళు ఉన్నారనుకునే మాట్లాడారు. ఆ వినేది నేను కాదు.

తిరిగొస్తూ, ఆమెకి ఎదురుగా నిలబడి, గట్టిగా, సూట్‌కేసు ఎందుకు సర్దలేదని అడిగాను. అల్మారాలో ఖాళీ ఎక్కడుందమ్మాయ్, అడిగితే ఏమనుకుంటావో అని ఊరుకున్నా అన్నారు. రోడ్డు మీద తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వదిన సంగతి కూడా అడిగాను. ఆ గది సంగతి వాణ్ణే అడుగు, నేను చెప్తే చాడీ చెప్పినట్టుంటుంది అన్నారు.

గది సంగతి. అంటే గది ఉంది.

మార్చి 29, శనివారం

అడిగాను. ముందు ఇన్సూరెన్స్ అనే అన్నాడు. తర్వాత దుప్పటి అంచు మెలిపెడుతూ నిజం చెప్పాడు. వాళ్ళక్కని గది సిద్ధం చెయ్యమన్నది తనే. తలుపుల్లోంచి కుర్చీ పడుతుందో లేదో కొలిపించింది తనే. అత్తయ్యని రప్పించింది కూడా దానికే. నీకు ముప్ఫై నాలుగేళ్ళు, జీవితమంతా నన్ను ఎత్తి దించుతూ ఉంటావా, నేను వెళ్ళిపోతే నీ దారి నువ్వు చూసుకోవచ్చు అన్నాడు. అత్తయ్య మాత్రం ససేమిరా అన్నారట. ఆ పిల్లని అడక్కుండా ఆ పిల్ల బతుకు నువ్వెలా తేలుస్తావురా అని రోజూ తిడుతున్నారట.

అంటే కుట్ర ఉంది. నేను పట్టుకున్న మనిషే తప్పు.

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నీ దారి నువ్వు చూసుకోవచ్చు అన్నప్పుడు ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. తలుపు తెరిచి ఉంది, వెళ్ళొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. మరుక్షణం ఆ తడి దుప్పటి, ఆ క్లిప్పులు కళ్ళముందుకొచ్చాయి. నువ్వు ఆ పిల్లని చూసుకో. ఇన్నాళ్ళూ ఈ బరువు నా ఒక్కదాని మీదే పడిందనుకున్నాను. నాకు తెలియకుండానే ఎవరో నన్ను ఎవరికో అప్పగించి ఉన్నారు. రోజూ. మోకాళ్ళ నొప్పులతో.

అరిచాను. నువ్వేమైనా పాత సోఫావా, అక్కయ్యగారింటికి పంపెయ్యడానికి అన్నాను. నవ్వబోయి ఏడ్చాడు. నేనూ అంతే. అత్తయ్య హాల్లో టీవీ చూస్తున్నారు. ఇంత గొడవలో ఒక్క ముక్కా వినపడలేదు, అదృష్టవంతురాలు.

మార్చి 31, సోమవారం

అల్మారాలో రెండు అరలు ఖాళీ చేశాను. సూట్‌కేసు మంచం కిందికి వెళ్ళింది.

బట్టలు సర్దుతూ, ఆమెకి ఎదురుగా తిరిగి అడిగాను, దేవుడు మీకెప్పుడైనా జవాబు చెప్పాడా అని. చెప్తే మాత్రం నాకు వినపడుతుందా అమ్మాయ్ అన్నారు. ఇద్దరం పడీపడీ నవ్వాం. అతను లోపలి నుంచి ఏమైందని కేకేశాడు.

మరి వింటున్నాడని ఎలా తెలుసు అన్నాను. చీర మడత సరిచేసుకుంటూ, తెలియదు, కానీ చెప్పాక నాకు ఆ పూట భయం ఉండదు, అంతే అన్నారు. ఇంకా ఏదైనా గొప్ప మాట అంటారని ఎదురుచూశాను. అనలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

చెడ్డ రోజు. అతని వీపు మీద పుండు లేచింది. డాక్టర్ చూసి, జాగ్రత్తగా లేకపోతే కష్టం అన్నాడు. అంతకంటే జాగ్రత్త ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇంటికొచ్చి అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఈ వారమంతా కూడగట్టుకున్న ధైర్యం ఒక్కసారిగా నీరుగారిపోయింది. చూశావా, నమ్మడం మొదలుపెడితే ఇలాగే అవుతుంది అనిపించింది.

బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఏం మాట్లాడాలో తెలియలేదు. అతని కాళ్ళు తిరిగి ఇమ్మని అడగలేదు. నాకు నీ మీద ఇంకా అనుమానమే అన్నాను. అయినా రేపటిదాకా ఉండు, మిగతాది రేపు చూద్దాం అన్నాను. ఆరెయ్యడానికి బట్టలు లేవు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తీగ పట్టుకుని నిలబడ్డాను.

ఏమీ జరగలేదు. లోపలికొచ్చి అతన్ని ఇటువైపు తిప్పి, డ్రెస్సింగ్ మార్చాను. చెయ్యి వణకలేదు.

ఏప్రిల్ 7, సోమవారం

ఇవాళ కూడా బాల్కనీలోకి వెళ్ళాను.

ఏప్రిల్ 15, మంగళవారం

పుండు మానుతోంది. అత్తయ్యకి మిషన్ పెట్టాను. రెండు చెవులకీ. మొదటి మాట, ఈ ఫ్యాన్ ఇంత గోల చేస్తుందా అన్నారు.

కంపెనీ నుంచి నిజంగానే ఫోన్ వచ్చింది. లిఫ్టులు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్ళు ఎర్ర బటన్ నొక్కుతారు, ఆ కాల్స్ ఇంటి నుంచే తీసుకోగలడా అని. అతను నాకు చెప్పేదాకా ఒప్పుకోలేదట. అనుమానంగా షరతులన్నీ చదివాను. ఎక్కడా మెలిక దొరకలేదు. మళ్ళీ చదివాను.

ఏప్రిల్ 22, మంగళవారం

మొదటి కాల్ వచ్చింది. ఎవరో ఆడమనిషి, లిఫ్ట్‌లో ఒక్కతే, కరెంట్ పోయిందట. ఏడుపు నాకు వంటింట్లోకి వినిపిస్తోంది.

అతను లేచి వెళ్ళలేడు. కానీ చెబుతున్నాడు, భయపడకండి, మనిషి బయల్దేరాడు, అంతవరకూ నేను లైన్లోనే ఉంటాను, మీరు మాట్లాడకపోయినా ఫోన్ పెట్టెయ్యను, వింటున్నారా అని.

వింటున్నా, అన్నాను నేను.