సంతకం పెట్టని కాగితం

అక్కా,

అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని తిట్టకు. ఎడమచేత్తో రాస్తున్నాను. మూడు వారాలుగా ఫోనులో జ్వరం, జ్వరం అని చెప్పిందంతా అబద్ధం. నా కుడి మణికట్టు విరిగింది.

ఆ రోజు కుట్టడం పూర్తయిన స్కూలు యూనిఫారాల మూట భుజాన వేసుకుని మేడమెట్లు దిగుతున్నాను. ఒక మెట్టు రాయి కదిలింది. చెయ్యి ఆనించి పడ్డాను. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు, నేను పిన్నిగారూ అని పిలుచుకునే ఆవిడ, చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అప్పటినుంచీ నాకు తల దువ్వేదీ, బొత్తాలు పెట్టేదీ, అన్నం తినిపించేదీ ఆవిడే. ఒకప్పటి లెక్కల టీచరు కదా, మందు వేళ ఒక్క నిమిషం దాటనివ్వదు.

మొన్న ఈ ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఒకతను వచ్చాడు. మహా మర్యాదస్తుడు. ఆసుపత్రి బిల్లు కట్టేస్తామంటూ ఒక కాగితం ఇచ్చి, "శుక్రవారంలోగా సంతకం పెట్టెయ్యండమ్మా, ఏ గొడవా ఉండదు" అన్నాడు. ఇకమీదట ఏ క్లెయిమూ చెయ్యనని అందులో ఉంది. డాక్టరేమో ఇంకో ఆపరేషన్ కావాలేమో అంటున్నాడు. నా బొటనవేలు చూపుడువేలిని అందుకోవడం లేదక్కా. అవి కలవకపోతే సూది ఎలా పట్టుకోను?

అయినా సంతకం పెట్టేస్తాను. లాయరు దగ్గరికి వెళితే పిన్నిగారిని కోర్టుకీడ్చినట్టే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే బుద్ధి నాకు లేదు.

కంగారుపడి రావద్దు.

నీ పిచ్చుక

*

నా బంగారు అక్కా,

"ముందు లాయరుకు చూపించు, ఆ తర్వాత తీరిగ్గా ఏడుద్దువుగాని" అని నా ఉత్తరం అందగానే నువ్వు పెట్టిన చీవాట్లే నన్ను కాపాడాయి. ఈ ఐదు నెలలూ ఫోనులో ముక్కలుగా చెప్పాను. ఇవాళ మొత్తం రాస్తున్నాను.

ఆ శుక్రవారం పొద్దున్న పిన్నిగారి కంట పడకుండా దొంగలా వెళ్ళాను. చెప్పుల దుకాణం పైన ఇరుకు గది. లాయరమ్మ కాగితం రెండుసార్లు చదివింది.

"దెబ్బ చిన్నదై నాలుగు రోజుల్లో మానిపోయేదైతే నా అవసరమే లేదు, బిల్లులు మీరే పంపుకోవచ్చు. మీకు ఎముక విరిగింది, పని ఆగింది, చెయ్యి ఎంతవరకు బాగవుతుందో డాక్టరే చెప్పలేకపోతున్నాడు. ఇలాంటప్పుడు సంతకానికి ముందే రావాలి. పెట్టేశాక వస్తే నేనూ చేతులెత్తేయాల్సిందే."

"పిన్నిగారి మీద కేసు పెట్టలేనండీ."

"మనం అడిగేది కంపెనీనమ్మా. ఇలాంటి రోజు కోసమేగా ఆవిడ ఇన్సూరెన్స్ చేయించుకున్నది! కాకపోతే ఆ రాయి ముందే వదులైందని ఎవరైనా చెప్పాలి."

ఆ చెప్పగలిగింది పిన్నిగారే. ఇంటికొచ్చేసరికి బఠానీలు ఒలుస్తోంది. ఎదురుగా కూర్చుని అంతా చెప్పేశాను. గిన్నె పక్కన పెట్టి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందనే అనుకున్నాను.

సాయంత్రం ఇస్త్రీ చీర కట్టుకుని పైకొచ్చింది. "పద, మీ లాయరు దగ్గరికి."

అక్కడ నిటారుగా కూర్చుని చెప్పింది: "రాసుకోండి. ఆ మెట్టు కదులుతోందని నాకు రెండు నెలలుగా తెలుసు. తాపీమేస్త్రీని రేపు పిలుద్దాం, ఎల్లుండి పిలుద్దాం అనుకుంటూ కూర్చున్నాను. ఈ పిల్ల తొందరపడి దిగిందని చెప్పమన్నాడు ఆ కంపెనీ అబ్బాయి. ఇన్నేళ్ళు పిల్లలకి అబద్ధం చెప్పొద్దని నేర్పి, ఇప్పుడు నేను చెబుతానా?"

"తప్పు మీదని తేలుతుందండీ" అంది లాయరమ్మ.

"నాదేగా మరి!"

ఆ మాటతో కంపెనీ దిగివచ్చింది. రెండో ఆపరేషనుకూ, నేను కుట్టలేకపోయిన నెలలకూ డబ్బు కట్టడానికి ఒప్పుకుంది. నిన్న ఒక చొక్కాకు బొత్తం కుట్టాను. అరగంట పట్టింది, అయినా కుట్టాను.

ఆ రోజు తలుపు ఎందుకు వేసుకున్నారని నిన్ననే అడిగాను. "నా మెట్టు మీద పడి, నాకే భయపడి దొంగలా వెళ్ళావే! నేను అంత పరాయిదాన్నయ్యానా అని ఏడుపొచ్చింది" అంది.

నేను థాంక్స్ చెప్పబోతే, "చాల్లే, ముందు వేళ్ళకి వ్యాయామం చెయ్యి" అని కసురుతోంది. నువ్వు ఆవిడకు ఒక ఉత్తరం రాయక్కా. నీమీదైతే కసరలేదుగా!

నీ పిచ్చుక