డోరతీ ఆంటీ పుస్తకాలకు పెట్టిన పసుపు

మిల్టన్ కీన్స్,
దసరా వెళ్ళిన మూడో వారం, ఆదివారం

అన్నయ్యకు,

నీ చెల్లెలు సుశీల దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నువ్వూ వదినా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ నడుం నొప్పి ఎలా ఉంది? కింద కూర్చుని పుస్తకాలకు కుట్లు వెయ్యద్దని డాక్టరు చెప్పాడట, వదిన అంది. బైండింగు మానమంటే నువ్వు మానవని నాకు తెలుసు. పీటయినా ఎత్తు పెంచుకో.

వారం వారం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా, ఇప్పుడీ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోనంటే నువ్వు స్పీకరు పెడతావు. అక్కడ ఇంటిల్లిపాదీ వింటారు, ఇక్కడ నా పక్కన మేఘన ఉంటుంది. ఇది అందరూ వినే మాట కాదు. చదివి నీ దగ్గరే ఉంచుకో. వదినకు చెప్పాలనిపిస్తే చెప్పు, నేను వద్దన్నా చెప్తావు.

ముందు మామూలు కబుర్లు. చలి మొదలైంది, నాలుగున్నరకే లైట్లు వేసుకుంటున్నాం. వేర్‌హౌస్‌లో నా ప్యాకింగు పని ఎప్పటిలాగే వారానికి నాలుగు రోజులు. ఏ నాలుగు రోజులో మాత్రం రోటా, అంటే డ్యూటీల పట్టీ, వచ్చేదాకా తెలియదు. ఆయన నన్ను కారులో దింపి ఆఫీసుకి వెళ్తారు. వదిన పంపిన గోంగూర పచ్చడి అడుగంటింది, ఈయన సీసాలో గరిటె పెట్టి గోకుతున్నారు. ఎవరైనా ఇటు వస్తుంటే ఇంకొంచెం పంపమను, కుదరకపోతే పర్లేదు. మా గురించి బెంగ పెట్టుకోకండి, మేం బాగానే ఉన్నాం.

డోరతీ ఆంటీ గురించి నీకెప్పుడైనా చెప్పానా? మా పక్కింటావిడ. డెబ్బై దాటాయి. పుట్టింది అమెరికాలో, అక్కడ చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి, ఇంగ్లీషాయన్ని పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చింది. ఆయన పోయి నాలుగేళ్ళయింది. మేమీ ఇంట్లో దిగిన కొత్తలో, పలకరించే మనిషి లేక నేను రేడియోతో మాట్లాడుకుంటున్న రోజుల్లో, ఏ వారం ఏ రంగు చెత్తడబ్బా బయట పెట్టాలో కాగితం మీద రాసి మా తలుపు సందులోంచి వేసిన మనిషి ఆవిడ. ఆ కాగితం ఇంకా మా ఫ్రిజ్ మీద ఉంది.

మేఘనకు బళ్ళో ప్రాజెక్టు ఇచ్చారు. వందల ఏళ్ళ కిందట ఇంగ్లండు నుంచి ఓడలెక్కి అమెరికా వెళ్ళి ఊళ్ళు కట్టుకున్నవాళ్ళు రోజూ ఎలా బతికేవాళ్ళో రాయాలి. కౌన్సిల్ లైబ్రరీలో వెతికితే ఒక్క పల్చటి పుస్తకం దొరికింది, దాన్నిండా ఓడలూ జెండాలే. కంచె అవతల నుంచి ఆ మాట విని డోరతీ ఆంటీ మేడ మీదికెళ్ళి నాలుగు పుస్తకాలు తెచ్చింది. వాళ్ళమ్మ ఒక్కో పుట్టినరోజుకు ఒక్కోటి కొనిచ్చినవట. ఒక్కో పుస్తకం మొదటి పేజీలో వాళ్ళమ్మ చేత్తో రాసిన పేరు, పక్కన ఆ ఏటి వయసు.

"రాజులూ యుద్ధాలూ తర్వాత. మనుషులు ఎలా బతికారో తెలియాలంటే ఏం తిన్నారో, దేంతో గిన్నెలు తోముకున్నారో ముందు చదవాలి" అని చెప్పి, ఏది ముందో ఏది తర్వాతో వరసపెట్టి మరీ ఇచ్చింది. మొదట బొమ్మలది, తర్వాత వంటింటిది, ఆ తర్వాత ఒక ఇల్లాలు రాసుకున్న దినచర్య, చివరికి చేతిపనుల పుస్తకం. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషే, నేను మన మాటల్లో రాస్తున్నాను.

రెండు వారాలు మా ఇంట్లో ఇంకో మాట లేదు. కొవ్వు కరిగించి, వత్తిని అందులో ముంచి ఆరబెట్టి, మళ్ళీ ముంచి, అలా ఎన్నిసార్లో ముంచితే ఒక కొవ్వొత్తి అవుతుందట. బూడిద నీళ్ళతో సబ్బు వండుకునేవాళ్ళట. పొద్దున్నా సాయంత్రమూ జొన్న జావేనట, జొన్నంటే మన జొన్న కాదు, మొక్కజొన్న. పెద్దవాళ్ళు కూర్చుని తింటుంటే పిల్లలు నిలబడి తినేవాళ్ళట. అది చదివి మేఘన ఒక పూట నిలబడే తింది. పిల్లల పుస్తకమైతే మరీ విచిత్రం. పిడి ఉన్న చెక్క, దానికి అంటించిన ఒకే ఒక్క కాగితం, దాని మీద అక్షరాలు. కాగితం ఖరీదు కాబట్టి పిల్లల చేతి మురికి అంటకుండా పైన పశువు కొమ్ముని అక్షరాలు కనపడేంత పల్చగా చేసి రేకులా బిగించేవాళ్ళు. మన పలకకు వేలు విడిచిన చుట్టం అనుకో. ఇవన్నీ అది ఇంగ్లీషులో చదువుతుంటే నేను వంట చేస్తూ వినేదాన్ని. ఈ దేశం వచ్చాక నేనూ నా కూతురూ ఒకే సంగతి గురించి అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

నాలుగో పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. పుస్తకాలు కుట్టేవాడి కొట్టు. పుస్తకాలు అదిమే చెక్క ప్రెస్సు, పైన మర తిప్పే పిడి, పక్కన జిగురు గిన్నె. అన్నయ్యా, అచ్చం నాన్న ప్రెస్సే. "మీ తాతయ్య ఇలాగే కూర్చునేవాడే" అంటే మేఘన ఆ బొమ్మని అలాగే చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది.

అదిగో, ఆ మనసుతోనే చేశాను. సరస్వతీ పూజ నాడు మన కొట్లో ఏం జరిగేదో నీకు చెప్పాలా? ఆ రోజు బైండింగుకొచ్చి ఉన్న పుస్తకం ఎవరిదైనా సరే, కోర్టు కాగితాలైనా, షావుకారు చిట్టాలైనా, నాన్న అన్నిటికీ నాలుగు మూలలా పసుపు రాసి, మొదటి పేజీలో కుంకుమ బొట్టు పెట్టేవాడు. పుస్తకాలు తీసుకెళ్తూ ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. బొట్టు మరిచిపోతేనే అడిగేవాళ్ళు. ఆ లెక్కన నేను మేఘన బడి పుస్తకాలతో పాటు ఆ నాలుగూ పూజలో పెట్టాను. నాలుగు మూలలా పసుపు రాశాను. వాళ్ళమ్మ రాసిన పేరు పక్కనే బొట్టు పెట్టాను. పూజలో ఉన్నన్నాళ్ళూ పుస్తకం తియ్యకూడదని పిల్లను ముట్టుకోనివ్వలేదు కూడా.

దశమి నాడు తీసి చూద్దును కదా, పసుపు మరీ పల్చగా కలిపానేమో, ఆ పాత కాగితంలోకి దిగిపోయింది. పది పదిహేను పేజీల లోపలిదాకా మూలలన్నీ పచ్చగా ఉన్నాయి. కుంకుమ ఆవిడ తల్లి రాసిన అక్షరం మీదికి పాకింది. అప్పుడు తెలిసొచ్చింది, ఇది మన కొట్టు కాదని, ఆవిడ మన ఊరి లాయరు కాదని. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇంటర్నెట్లో చూసి సోడా పొడి తడిపి ఒక మూల అద్దాను. అక్కడ ఎర్రగా నెత్తురు రంగొచ్చింది. పసుపులో సున్నం వేసి పారాణి కలిపిన చేతులే కదా ఇవి, ఆ మాత్రం తట్టలేదు. ఎండలో పెడితే పసుపు వెలిసిపోతుందని నాకూ తెలుసు. ఇక్కడ ఎండేదీ?

ఇంతవరకూ తెలివితక్కువతనం. ఇక్కణ్ణుంచి రాసేది సిగ్గుమాలినతనం.

పుస్తకాలు పట్టుకుని వెళ్ళాం, నేనూ మేఘనా. దారిలో ఇంగ్లీషులో వాక్యం కూర్చుకున్నాను. మా దేవత, మా పూజ, పుస్తకాలకు పసుపు. మనసులో చెప్పుకుంటే నాకే వెర్రిదానిలా అనిపించింది. ఆవిడ తలుపు తీసి, మొదటి పుస్తకం తెరిచి, వాళ్ళమ్మ పేరు పక్కన మరక మీద వేలు పెట్టింది. అది చూసి తట్టుకోలేక నా నోరు దానంతటదే అంది, "పిల్ల తింటూ చదివింది, కూర ఒలికింది, క్షమించండి" అని.

మేఘన నా పక్కనే నిలబడి ఉంది. నా మొహంలోకి ఒకసారి చూసింది. చూసి, ఆవిడతో "సారీ" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల, అన్నయ్యా. నన్ను కాపాడింది.

ప్రాజెక్టు ఇచ్చేసింది, టీచరు బాగుందన్నారు. పక్కింటికి మాత్రం వెళ్ళడం లేదు. అడిగితే "ఐయామ్ బిజీ" అంటుంది. ఇంట్లో ఏ పుస్తకం తియ్యాలన్నా ముందు చేతులు కడుక్కొచ్చి, రెండు అరచేతులూ నాకు చూపించి, అప్పుడు ముట్టుకుంటుంది. వెటకారం కాదు. అదే బాధ, వెటకారమైతే తిట్టేదాన్ని. మొన్న అలాగే చూపిస్తూ "అందుకే వాళ్ళు కొమ్ము బిగించేవాళ్ళు" అని ఇంగ్లీషులో అని వెళ్ళిపోయింది. ఆయనకు ఇదేమీ తెలియదు. ఈ పిల్లకింత శుభ్రం ఎక్కణ్ణుంచి వచ్చిందని మురిసిపోతున్నారు.

అందుకని నిన్ను అడిగేదేమంటే, పాత కాగితం మీద పసుపు పోయే ఉపాయం నీకు తెలిసుంటుంది. చాక్‌పీసు పొడో, నిమ్మరసమో, ఏదైనా సరే. ఆ పుస్తకాలు అడిగి తెచ్చి, బాగుచేసి ఇస్తాను.

బుధవారం

ఆదివారం అంతవరకూ రాసి పక్కన పెట్టాను. నిన్న పోస్టు చేద్దామని మళ్ళీ చదువుకుంటే, మరక పోయే ఉపాయం అడిగాను గానీ నా అబద్ధం గురించి ఏం చెయ్యాలో ఒక్క ముక్క అడగలేదు. నీకు రాయడానికే ఇంత సిగ్గుపడినదాన్ని, ఆ పిల్ల మొహం రోజూ ఎలా చూస్తున్నానో నాకే తెలియలేదు.

సాయంత్రం మేఘనను రమ్మన్నాను. రానంది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. చినుకులు పడుతున్నాయి. డోరతీ ఆంటీ తలుపు తియ్యగానే, ఇంగ్లీషు తప్పో ఒప్పో చూసుకోకుండా చెప్పేశాను. కూర కాదు, పసుపు. పిల్ల కాదు, నేను. మా నాన్న పుస్తకాలు కుట్టేవాడు, మాలో ఇలా చేస్తారు అని.

ఆవిడ లోపలికెళ్ళి ఆ మొదటి పుస్తకం తెచ్చి బల్ల మీద తెరిచింది. "కూర నాలుగు మూలలా సమానంగా ఒలకదు, సుశీలా. అదీ నాలుగు పుస్తకాల్లోనూ" అంది.

ఆవిడకు మొదటి రోజే తెలుసు. గుమ్మడికాయ దొంగలా నేనే భుజాలు తడుముకుని ఉంటాను.

"ఏదో ముచ్చటగా చేసిందేనని అర్థమైంది. అమ్మ పేరు పక్కన మరక చూసి కాస్త బాధేసిన మాట నిజం. కానీ ఈ పిల్ల సారీ అంది చూడు, నన్ను నిద్రపోనివ్వనిది అదే. అప్పుడే ఆపి అడగాల్సింది, నేనూ అడగలేదు" అంది. నేను తలెత్తలేదు. సారీ, సారీ అంటూనే ఉన్నాను. ఆవిడ మేఘనకు బిస్కెట్ల డబ్బా ఇచ్చి, నాలుగో పుస్తకం కుట్టు ఊడుతోందనీ, పుస్తకాలు కుట్టేవాడి కూతురివి కదా చూసి పెడతావా అనీ నన్ను అడిగింది. నా చేతుల్లో మళ్ళీ పెట్టింది, అన్నయ్యా, ఆ పుస్తకాన్ని.

వాళ్ళ గుమ్మానికీ మా గుమ్మానికీ పది అడుగులుండవు. సగంలో మేఘన ఆగిపోయింది. "అమ్మా, యూ సెడ్ సారీ టు హర్ త్రీ టైమ్స్" అంది. ఆవిడకు మూడుసార్లు చెప్పావు అని. అక్కడే ఆ చినుకుల్లోనే మోకాళ్ళ మీద కూర్చుని దానికి సారీ చెప్పాను. అది విని "ఓకే" అంది. కరిగిపోయి కావలించుకుంటుందనుకున్నాను గానీ, అలాంటిదేమీ లేదు. ఎదురుచూడటానికి నాకు హక్కూ లేదు.

రాత్రి ఆయనకూ చెప్పాను. ఆయన లేచి వెళ్ళి, నిద్రపోతున్న పిల్ల దుప్పటి సర్ది వచ్చారు.

కాబట్టి పసుపు పోయే ఉపాయం వద్దు. మరకలు అలాగే ఉండనీ అంది డోరతీ ఆంటీ. దానికి బదులు కుట్టు దారం ఒక ఉండ, సన్న దబ్బనం ఒకటి, పుస్తకం వీపుకు వేసే గుడ్డ ఒక మూరెడు ఎవరైనా వస్తే పంపు. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం ఎంత వెయ్యాలో రాయి, నాన్న పాళ్ళు నాకు గుర్తు లేవు. వదినకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. కొట్లో నాన్న ఫొటో ముందు నా తరపున ఒక దణ్ణం పెట్టి, జరిగింది నువ్వే చెప్పు. నీ చెల్లెలికి బుద్ధి నిలబడాలని దీవించు.

ఇది రాస్తుండగా మేఘన అన్నం తిని, ఏదో పుస్తకం తియ్యబోతూ, చేతులు కడుక్కుని నా ముందు చాపింది. అలవాటైపోయింది పిల్లకి. నేను ఆ చేతులు చూడలేదు. పెన్ను కింద పెట్టి నా చేతులే దాని ముందు చాపాను. అటూ ఇటూ తిప్పి చూసింది. పొద్దున పులిహోర కలిపాను, గోళ్ళ సందుల్లో ఇంకా పచ్చగా ఉంది. "వెళ్ళి కడుక్కో అమ్మా" అంది, తెలుగులోనే. కడుక్కొచ్చి ఈ చివరి నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

నీ దీవెన కోరే చెల్లెలు,
సుశీల