గుర్తులు లేని సందు

మార్చి 14, గురువారం
కుట్టు దుకాణం నుంచి

చిరంజీవి చిన్నాకి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. నువ్వు క్షేమంగా ఉండాలని కోరుకోవడం మామూలే కాబట్టి అదీ రాస్తున్నాను. దాంతోపాటు నీకు ఎదురుపడినవాళ్ళు కూడా క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాను. కొడుక్కి రాసే ఉత్తరంలో ఏ తల్లీ ఈ ముక్క రాయదని తెలుసు.

నిన్న నువ్వు పంపిన మెయిల్ చదివాను. అప్పటినుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎత్తవు. ఎత్తితే నేను ఏడుస్తానని, ఏడిస్తే నీ మనసు మారుతుందని భయమా? అదే నిజమైతే ఒక్కసారి ఎత్తరా. మెయిలయితే చదువుతావు కాబట్టి, కుట్టాల్సిన గౌన్లు పక్కకు తోసి, రెండు వేళ్ళతో కొట్టుకుంటూ కూర్చున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ముందు ఇక్కడి సంగతులు. మీ లిఫ్టు కంపెనీ సూపర్‌వైజర్ దుకాణానికి వచ్చాడు. ఆసుపత్రి లిఫ్టు మళ్ళీ రెండంతస్తుల మధ్య ఆగిపోతోందట. దాని జబ్బు నీకొక్కడికే తెలుసట. సెలవు ఇంకెన్నాళ్ళని అడిగాడు. పెళ్ళాన్ని వెతకడానికి వెళ్ళాడని చెప్పలేక, నీకు ఒంట్లో బాగాలేదని చెప్పాను. చెప్పాక అది పూర్తిగా అబద్ధం కాదనిపించింది. ఇక మన ఎదురు ఇస్త్రీ ఆవిడ సంగతి నీకు తెలిసిందే. కోడలు పుట్టింటికి వెళ్ళి ఇన్నాళ్ళా అని రోజూ అదే ప్రశ్న. ఆవిడ ఇస్త్రీ పెట్టె అయినా సాయంత్రానికి చల్లారుతుంది గానీ నోరు చల్లారదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని, నవ్వేసి ఊరుకుంటున్నాను.

ఇప్పుడు నీ మెయిల్ సంగతి. మన కోడలమ్మాయి వెళ్ళిపోయాక, ఎవరైనా గుర్తులు చేర్చగలిగే ఆ ఇంటర్నెట్ మ్యాప్‌లో ఆమె పెట్టుకున్న 'తెగిన చెప్పు' అన్న పేరు చాలాకాలం మూగగా ఉండిపోయింది. తర్వాత దేశానికి ఆ చివరనున్న రేవు పట్నంలో అదే పేరుతో గుర్తులు పడ్డాయి. ఇక్కడ కుళాయి, అక్కడ బెంచీ, ఈ మలుపులో వెలగని వీధిదీపం. నువ్వు సంచీ సర్దుకుని రైలెక్కావు. ఇప్పుడేమో గుర్తు పడిన ప్రతిచోటికీ నడిచి చూశానంటున్నావు. కుళాయి ఉండాల్సిన చోట సైకిలు రిపేరు కొట్టు ఉందట, బెంచీ ఉండాల్సిన చోట చెత్తకుండీ ఉందట.

దాన్నుంచి నువ్వు తీసిన లెక్క మళ్ళీ మళ్ళీ చదివాను. ఆమె బయటికి రావడానికి భయపడి, గదిలో కూర్చుని, ఆకాశం నుంచి తీసిన ఫోటో చూసి ఊహించి గీస్తోందన్నావు. మ్యాప్ గీసేవాళ్ళెవరైనా ముందు తమ ఇంటి చుట్టుపక్కలే గీస్తారన్నావు. దాక్కున్న మనిషయితే తన ఇంటిని మాత్రం వదిలేస్తుందన్నావు. అందుకని గుర్తులన్నిటి మధ్యా ఏ గుర్తూ లేని చోటు కోసం వెతికావు. ఒక సందు దొరికింది. సందు చివర పసుపురంగు మేడ, పై అంతస్తులో ఒంటరిగా ఒక అమ్మాయి. ఎవరితోనూ మాట్లాడదట, తలకు గుడ్డ చుట్టుకుని బయటికి వస్తుందట, అదే ఎత్తు, అదే నడక. మొహం సరిగ్గా చూడలేదని నువ్వే రాశావు. మెట్ల తలుపు గొళ్ళెం వదులుగా ఉందని కూడా రాశావు. ఆదివారం లోపలికి వెళ్తానన్నావు. ఈసారి పారిపోవడానికి ఆమెకు కాళ్ళుండవని రాశావు.

ఆ మాట చదివినప్పుడు చేతిలో ఉన్న సూది ఎక్కడ పడిపోయిందో ఇంకా దొరకలేదు.

చిన్నా, ఆమె మన అమ్మాయి కాదు. ఒంటరిగా ఉండి, ఎవరితోనూ మాట్లాడని ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. తలకు గుడ్డ ఎండకీ చుట్టుకుంటారు, జుట్టు ఊడినా చుట్టుకుంటారు. ఆ అమ్మాయికి ఏ జబ్బుందో, ఎవర్ని పోగొట్టుకుందో నీకేం తెలుసు? ఎత్తూ నడకా అంటావా, దుకాణానికి కొలతలిచ్చేవాళ్ళను నేను చూస్తూనే ఉంటాను. ఒకే కొలతల వాళ్ళు వీధికి నలుగురుంటారు. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే, పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటావు. చిన్నప్పుడు నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మన అమ్మాయి గుర్తుల్లో ఒక్కటి కూడా అబద్ధం ఉండేది కాదని నీకు తెలియదా? ల్యాబు కోసం ఇల్లిల్లూ తిరిగి రక్తం సేకరించే పిల్ల. రోజంతా కాలినడకే. ఎక్కడ కూర్చోవచ్చో, ఎక్కడ నీళ్ళు తాగవచ్చో, ఏ మెట్లకు పట్టుకోవడానికి కడ్డీ ఉందో తన కాళ్ళకు తెలిసిందంతా మ్యాప్‌లో పెట్టేది. తన వెనకాల నడిచేవాళ్ళకు పనికొస్తుందని చెప్పేది. సాయంత్రం దుకాణంలో నా పక్కన స్టూలేసుకుని కంప్యూటర్లో ఎక్కిస్తూ నాకూ నేర్పింది. ఇంటి కప్పు అంచు వెంట గీత గీయడం నాకు తొందరగానే పట్టుబడింది. గుడ్డ మీద సుద్దముక్కతో గీసే చెయ్యే కదా. నీ గీత నా గీత కన్నా నున్నగా ఉందత్తయ్యా అని మెచ్చుకుంది కూడా. మనింట్లో నన్ను మెచ్చుకున్న మొదటి మనిషి ఆ పిల్లే.

నువ్వూ ఆ మ్యాప్ చూసేవాడివి. ఎందుకు చూసేవాడివో నాకు తెలియడానికి కొంతకాలం పట్టింది. మధ్యాహ్నం ఆ వీధిలో బెంచీ గుర్తు పెట్టావు, అక్కడ ఎవరున్నారు, ఎవరితో కూర్చున్నావు అని అన్నం ముందు కూర్చోబెట్టి అడిగేవాడివి. ఆమె చెప్పేది. నువ్వు నమ్మేవాడివి కాదు. ఆమె చెయ్యి విరిగిన రోజు, మన సందు మెట్ల మీద జారిపడిందని డాక్టరుకు నువ్వే చెప్పావు. అంతటితో ఆగావా? ఇంటికొచ్చి మ్యాప్ తెరిచి, ఆ మెట్ల దగ్గర జారతాయి జాగ్రత్త అని గుర్తు పెట్టావు. నీ అబద్ధానికి సాక్ష్యంగా రాళ్ళను నిలబెట్టావు. నేను చూశాను. ఆమె కూడా చూసింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేత్తో ఆ గుర్తు తీసేసింది. ఆ మెట్లు జారవత్తయ్యా, ముసలివాళ్ళు చదివి భయపడి చుట్టుతిరిగి వెళ్తారు అంది. మర్నాడు నువ్వు పనికి వెళ్ళగానే ఆమె ఇల్లు విడిచి వెళ్ళిపోయింది.

ఇదంతా నిన్ను దెప్పడానికి రాయడం లేదు. ఆ పిల్ల లేని కుళాయిని ఉందని పెట్టదు. దాక్కున్నా పెట్టదు, ప్రాణం పోతున్నా పెట్టదు. కాబట్టి ఆ ఊళ్ళో ఆమె లేదు. ఇంటికి వచ్చెయ్. సూపర్‌వైజర్ నీ ఉద్యోగం ఉంచుతానన్నాడు. వేరే గదిలో ఉండాలనుకుంటే ఉండు. కోపాన్ని కుదుటపరిచే డాక్టర్లున్నారట, నేను తోడొస్తాను. కాకిపిల్ల కాకికి ముద్దంటారు. నిజమే. నువ్వు చేసిందంతా కళ్ళారా చూశాక కూడా, అన్నం వండేటప్పుడు చెయ్యి నీ వాటా బియ్యం కూడా తీస్తూనే ఉంది.

ఆ మేడ మెట్లెక్కకు. అమ్మ మాట ఈ ఒక్కసారికి విను.

ఇట్లు,
నీ మేలు కోరే
అమ్మ

తా.క. రాసిందంతా మళ్ళీ చదువుకున్నాను. నీ కళ్ళతో చదివాను. దీనికి నువ్వు ఆగవు. అమ్మ కోడల్ని వెనకేసుకొస్తోందనుకుని నవ్వుకుంటావు, ఆదివారం ఆ మెట్లెక్కుతావు. అందుకని నిజం రాస్తున్నాను.

ఆ గుర్తులు నావి.

ఆమె వెళ్ళేటప్పుడు దుకాణం కంప్యూటర్లో మ్యాప్ తన పేరుతో తెరిచే ఉంచి వెళ్ళింది. నేను ముట్టుకోలేదు. కానీ నువ్వు ఆమె అక్క ఊరికి బయల్దేరుతున్నావని తెలిసిన రోజు కూర్చుని, ఎవరూ మనకు లేని ఊరు, ఎంత దూరమైతే అంత దూరం, వెతికి ఆ రేవు పట్నం తీసుకున్నాను. ఆమె పెట్టేలాంటివే పెట్టాను. ఉన్నాయో లేవో నాకెలా తెలుస్తుంది? దాహమేసి ఎవరైనా నా కుళాయి కోసం నడిచారేమోనని బాధపడుతూనే పెట్టాను. నిన్ను ఆ వీధుల్లో తిప్పుతూ ఉంటే, ఈలోపు ఆమె ఎక్కడో ఒకచోట కుదురుకుంటుందనుకున్నాను. నువ్వు అలిసిపోయి తిరిగొస్తావనుకున్నాను.

గుర్తులు లేని సందు దొరికిందని పొంగిపోయావే, ఆ చోట ఫోటోలో మబ్బుంది నాయనా. తెల్లటి మబ్బు. కింద ఏముందో కనబడక నేనేమీ గీయలేదు. అంతే. ఆ మబ్బు కింద ఒక మేడ ఉందని, అందులో ఒక ఆడపిల్ల ఉందని నాకు తెలియదు. అసలా ఊళ్ళో మనుషులున్నారన్న ఆలోచనే నాకు రాలేదు. పైనుంచి చూస్తే అన్నీ కప్పులే. ఒక పిల్లను కాపాడబోయి, నిన్ను తీసుకెళ్ళి ఇంకో పిల్ల గుమ్మం ముందు నిలబెట్టాను.

ఈ ఉదయం ఆ గుర్తులన్నీ తీసేశాను. మ్యాప్ తెరిచి చూసుకో. తీసేసిన ప్రతిచోటా, కారణం రాయమన్న చోట, నేను ఈ ఊరు ఎప్పుడూ చూడలేదు అని రాశాను. అమ్మాయి ఎక్కడుందో నాకు తెలియదు. తెలిస్తే నీకు తెలుస్తుందని, ఎవర్నీ అడగలేదు. కాబట్టి ఇంటికొచ్చి నన్నేం చేసినా నీకు దొరికేదేమీ లేదు.

ఆ ఊరి పోలీసు స్టేషను నంబరు కూడా మ్యాప్‌లోనే దొరికింది, ఎవరు పెట్టారో పుణ్యాత్ములు. ఫోన్ చేశాను. పసుపురంగు మేడ, వదులు గొళ్ళెం, ఆదివారం, నువ్వు దిగిన లాడ్జి, అన్నీ చెప్పాను. నీ మెయిల్, నీ ఫోటో పంపించాను. మొన్న కంపెనీ కార్డు కోసం తీయించుకున్నావు చూడు, నవ్వుతున్న ఫోటో, అదే. అవతల మాట్లాడిన ఆవిడ నిదానంగా అన్నీ రాసుకుంది. ఆ మేడలో ఉన్న అమ్మాయి మీకేమవుతుందని అడిగింది. ఏమీ కాదన్నాను. మరి ఆ మనిషి మీకేమవుతాడని అడిగింది. నా కొడుకని చెప్పాను.