పావుగంట పని

సలోమీ,

నువ్వు పోయి ఏడాదయిందని ఈ ఉదయం ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. ఆమెన్ అనగానే మీ తమ్ముడు దానియేలు సుత్తి పట్టుకుని మన పాత ట్రాక్టర్ మీదికి వెళ్లాడు.

"అక్కని మింగినదాన్ని ఇంకా నడుపుతున్నావా? హటో బావా, పక్కకు జరుగు!"

ఒక దెబ్బకు హెడ్‌లైటు పగిలింది, ఇంకో దెబ్బకు బానెట్టు సొట్టపోయింది. మూడో దెబ్బకు అడ్డం వెళ్లి, ఇన్నాళ్లూ దాచింది చెప్పేశాను. క్లచ్ తొక్కినా, నీళ్ల పంపును తిప్పే వెనక షాఫ్టు ఆగడం లేదని నాకు నెల ముందే తెలుసు. నీ కొంగు దానికి చుట్టుకున్నప్పుడు నేను పెడల్ మీద లేచి నిలబడే ఉన్నాను.

వాడు సుత్తి పారేసి నా మొహం మీద గుద్దాడు. పన్ను ఊడింది. నేను చెయ్యెత్తలేదు.

"ఖరాబీ ఎక్కడుందో చూపించు" అన్నాడు.

ఇద్దరం ట్రాక్టర్ కిందికి దూరాం. క్లచ్ రాడ్డు నట్టు తిప్పి, పెడల్‌కు ఎక్కువైన ఆట, అంటే క్లచ్ పట్టకుండా ఊరికే కిందికి పోయే వదులు, తగ్గించాం. స్టార్టు చేసి తొక్కాను. షాఫ్టు ఆగింది.

"బస్, ఇంతేనా బావా? పావుగంట పనా?"

అవునన్నాను. మళ్లీ కొడతాడని దిగి నిలబడ్డాను. వాడు భోజనం చెయ్యకుండా, గ్రీజు చేతులతోనే షాదీపూర్ బస్సెక్కి వెళ్లిపోయాడు.