ఉల్లంకిపిట్ట లేచిపోయాక

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. కాలేజీ జువాలజీ ల్యాబులో అటెండర్‌గా ఉన్నప్పుడు, బీరువా తుడుస్తూ నాకు రెండింటిని చూపించేవాడివి. ఒకటి చెరువు ఒడ్డున మేసే పొడుగుకాళ్ల ఉల్లంకిపిట్ట, దూది కూరినది. దాని పక్కనే సీసాలో, పాములా సన్నగా ఉండే దవడల్లేని సముద్రపు చేప, హాగ్‌ఫిష్.

"నీళ్లు పాడైతే పిట్ట లేసిపోతది బిడ్డా. ఇది పోదు. సచ్చినదాని లోపటికి జొచ్చి తింటది, జిగురు ఇడుస్తది" అనేవాడివి.

ఈ ఉదయం ఉప్పల్ చెరువు కట్టమీద అరగంట నిలబడ్డాను. ఉల్లంకిపిట్ట ఒక్కటీ లేదు.

"అవి పోయి నెలాయె. ఫికర్ జెయ్యకు, మల్ల వస్తయ్" అంది చేపలమ్మే యాదమ్మ.

చెరువుకు దగ్గర్లోనే, నాచారంలోని ఇంటికొచ్చి, నువ్వు చూడని నీ మనవరాలికి స్నానం చేయిద్దామని బోరు నల్లా తిప్పాను. బకెట్లో చెయ్యి ముంచి తీస్తే వేళ్ల మధ్య జిగురు సాగింది.